గాజు పెట్టెలో సాక చెంబు

దగ్గరికి జరగండమ్మా. కాళ్లు చాపుకున్నవాళ్లు కాస్త ముడుచుకుని పక్కవాళ్లకు చోటివ్వండి. ఈ వారం చెప్పేది గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదు.

పోయినసారి ఎక్కడ ఆపాను? మా పెంటయ్య టాక్సీని గల్లీ మొదట్లో వదిలేసి, చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి, "అమ్మా, ఆ మోటర్ వర్లిల ఉన్నదే" అన్నాడే, అక్కడ. ఏ మోటారు అని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. నా మొగుడు పోచయ్య ప్రాణం తీసిన మోటారు. పెంటయ్య అప్పటికి నా చంకలో పిల్లాడు. ఊరి బయట సీదా రేసు జరుగుతుంటే పోచయ్య కల్లు తాగి బాటకు అడ్డం పడ్డాడనీ, అతణ్ని తప్పించబోయి మోటారు నడిపే పెద్ద సేఠ్ కూడా చచ్చిపోయాడనీ బొంబాయి కామాఠిపురాలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ మాటతో మా కూలి ముఠాకు రేసు బాట పని పోయింది. ఆ మాట తింటూనే నా కొడుకు పెరిగాడు. నల్లా దగ్గర జగడమైతే చాలు, "తాగుబోతు పోచిగాని కొడుకువి, నువ్వా మాకు జెప్పేది?" అనేవాళ్లు. వాడు ఈనాటికీ సారా చుక్క ముట్టడు. ముట్టకపోయినా ఆ పేరు పోలేదు.

పెత్రమాస నాడు పెద్దల పేర్లు చెప్పి బియ్యం ఇస్తాం కదా. నా కొడుకు ముత్తాత పేరు చెబుతాడు, తాత పేరు చెబుతాడు. తండ్రి పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటాడు. కొడుకు పలకని పేరుకు బియ్యం చేరదంటారు. అలాగైతే నా మొగుడు ముప్పై ఏళ్లుగా పస్తులుంటున్నాడు. నేను కళ్లు మూసేలోపు వాడి నోట ఆ పేరు ఒక్కసారి వినాలి. నాకున్న కోరిక అదొక్కటే. పెత్రమాస మళ్లీ వచ్చింది. తెల్లారితే అమాస.

"పోదాం పద. ఆ మోటర్‌ను నేను జూస్త" అన్నాను.

"ఏం జూస్తవ్? ఆ మనిషి జేసిన ఘనకార్యం జూస్తవా?" అన్నాడు పెంటయ్య. తండ్రిని వాడు ఎప్పుడూ 'ఆ మనిషి' అనే అంటాడు.

మూలన బియ్యం చెరుగుతున్న మా ఆడబిడ్డ చంద్రమ్మ చేట ఆపింది. చంద్రమ్మ పోచయ్యకు చెల్లెలు. పెళ్లి వద్దని మాతోనే ఉండిపోయింది. నేను సిమెంటు తట్టలు మోయడానికి పోతే పెంటయ్యకు ముద్దలు కలిపి పెట్టి పెంచింది ఆమే.

"ఎందుకు వదినా ఆడికి? టికెట్ కొనుక్కోని మరీ ఏడుస్తరా? ఏడుపు ఈడ దొరుకుత లేదా?" అంది.

"నువ్వు గూడ రా చంద్రా."

"నాకు మోకాళ్లు నొస్తున్నయి. నేను రాను. నువ్వు గూడ పోకు."

నేను వినలేదు. టాక్సీలో కూర్చున్నాను. సొంత కొడుకు టాక్సీ అయినా వెనక సీట్లో కూర్చుంటే ఎవరో పరాయి ప్యాసింజర్‌లా ఉంటుంది నాకు. దారి పొడుగునా వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

వర్లిలో మిల్లుల సమ్మె తర్వాత మళ్లీ తెరుచుకోని ఒక మిల్లు గోదాము అది. పెద్ద సేఠ్ కొడుకు దాన్ని తీసుకుని, తండ్రి కాలం నాటి రేసు బండ్లన్నీ ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చి, తుడిపించి వరసగా నిలబెట్టాడు. దీన్ని మ్యూజియం అంటారని పెంటయ్య చెప్పాడు. లోపల అడుగు పెట్టగానే ఏం వాసన కొట్టిందనుకున్నారు? ఆముదం! ఆ కాలంలో రేసు ఇంజన్లకు ఆముదమే పోసేవాళ్లు. ఆ పొద్దు జనానికి చూపించడానికి ఒక బండిని స్టార్టు చేశారట. పసిపిల్లల మాడుకు అద్దే ఆముదం వేరు, ఇనుములో పడి కాలిన ఆముదం వేరు. ముక్కులోకి వెళ్లి కళ్లలోంచి వస్తుంది.

ఆ వాసనతో నాకు మొదటి రోజులన్నీ ముందుకొచ్చి నిలబడ్డాయి. అప్పట్లో రేసంటే ఏముంది? యుద్ధమప్పుడు విమానాల కోసం వేసి, ఆ తర్వాత వదిలేసిన సిమెంటు బాట. పగుళ్లలో గడ్డి మొలిస్తే మేకలు మేసేవి. సేఠ్‌ల పిల్లలు, ఊళ్లో ఇంకా మిగిలిన తెల్లదొరలు ఇంట్లో మోటార్లు అక్కడికి తోలుకొచ్చి తలుపులు పీకేవాళ్లు, సీట్లు పీకేవాళ్లు. బరువు తగ్గితే ఉరుకుతుందని ఒకాయన బూట్లు కూడా విప్పేసి ఉత్త కాళ్లతో ఎక్కాడు. రెండు బండ్లను పక్కపక్కన పెడతారు. మలుపు లేదు, చుట్టు తిరగడం లేదు. ముక్కుసూటిగా పోవడమే. నేను మొదటిసారి చూసిన రోజు సరిగ్గా బండ్లు కదిలేటప్పుడు తుమ్మొచ్చింది. తుమ్మి కళ్లు తెరిచేసరికి రేసు అయిపోయింది. "దీనికోసమా పొద్దుగాల నుంచి నడుములు ఇరగ ఊడిసింది?" అన్నాను. పోచయ్య డాంబరు డబ్బా కింద పెట్టి మరీ నవ్వాడు.

బండ్లు వాళ్లవైనా బాట మాది. పగుళ్లలో మరిగే డాంబరు పోయడం మగవాళ్ల పని. వరసగా నిలబడి ఊడ్చి, గులకరాయి కూడా లేకుండా ఏరడం ఆడవాళ్ల పని. చక్రం కింద చిన్న రాయి పడిందంటే తూటాలా లేచేది. ఈ కొసన ఒక సున్నం గీత, ఆ కొసన ఒక సున్నం గీత. ఆ కొసన మా మేస్త్రి శంకర్రావు ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడేవాడు. గుడ్డ పైకి ఉంటే బాట మీద మనుషులున్నారని. దించితే ఖాళీ అని. అది చూసుకుని ఈ కొసన దొర రుమాలు విసిరేవాడు.

ఇంకొక పద్ధతి మాకు మేమే పెట్టుకున్నాం. కొత్త డాంబరు మీద చక్రం తిరగకముందు పోచమ్మకు సాక పోయాలి. పాలమూరు నుంచి వచ్చిన ముఠా ఏ నేల మీద చెయ్యి వేసినా అంతే. ఇత్తడి చెంబులో బెల్లం నీళ్లు, పసుపు, పైన వేపమండ. ఒక ఆడది బాటకు అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ధార తెగకుండా పోసుకుంటూ నడవాలి. మొదట్లో నేనే పోసేదాన్ని. దొరలు ఎగబడి ఫోటోలు తీశారు. తర్వాత ఎప్పుడో ఒక బండి ఆ తడి మీద జారితే, ఇంక వద్దన్నారు. వద్దంటే మానేస్తామా? దూరంగా ఆ కొసన, దొరల కంట పడకుండా కానిచ్చేవాళ్లం.

పోచయ్య చచ్చిన రోజు నేను అక్కడ లేను. పెంటయ్యకు అమ్మవారు పోసింది. గుమ్మానికి వేపమండలు కట్టి, పిల్లాణ్ని అరిటాకు మీద పడుకోబెట్టుకుని మా ఒంటిగది ఖోలీలో కూర్చున్నాను. కబురే వచ్చింది నాకు, మొగుడు రాలేదు.

సరే, గోదాములో ఉన్నాం కదా. చివర ఎర్ర తాడు కట్టి ఉంది. తాడు అవతల అది. కప్పు లేని పొడుగాటి మోటారు. ముక్కు లోపలికి వెళ్లిపోయి, ఒక చక్రం పక్కకు తిరిగి ఉంది. దాని ముందు ఖాకీ బట్టల ముసలాయన ఒకడు తాళాల గుత్తి ఆడిస్తూ కాలేజీ పిల్లలకు హిందీలో కథ చెబుతున్నాడు. "ఏక్ బేవడా మజ్దూర్ థా..." బేవడా అంటే తాగుబోతు. ఆ మాట తెలియని తెలుగువాడు బొంబాయిలో లేడు. పెంటయ్య తల దించుకున్నాడు. అంత మనిషి, మీసాలున్నవాడు, బడిపిల్లాడిలా నిలబడ్డాడు. నేను మాత్రం ఆ గొంతు పట్టుకున్నాను. శంకర్రావు! మా మేస్త్రి. పోచయ్య పోయాక ఊరికి వెళ్లిపోయాడనుకున్నాం. ఊరికి పోలేదు, వర్లికి వచ్చాడు.

"ఔర్ యే ఉస్కా దారూ కా లోటా" అంటూ అతను పక్కనున్న గాజు పెట్టె చూపించాడు. ఇది వాడి మందు చెంబు అని. పిల్లలు వంగి చూశారు. నేనూ వంగాను.

అది నా చెంబు. ఒక పక్క నొక్కుకుపోయింది కానీ నాదే. నా పెళ్లికి మా అమ్మ అంచు మీద చుక్కలు చుక్కలుగా 'భూదేవి' అని కొట్టించి ఇచ్చిన సాక చెంబు. నాకు వచ్చిన నాలుగు అక్షరాల్లో మూడు అవే. ఆ చావు గొడవలో ఇంట్లోంచి ఎటో పోయిందనుకుని మరిచిపోయిన చెంబు.

"యే లోటా మేరా హై!" అని గాజు మీద అరచేత్తో కొట్టాను. రేకుల కప్పు కింద నా అరుపు నాకే తిరిగొచ్చింది.

శంకర్రావు చేతిలో తాళాలు ఆగిపోయాయి.

"ఇటు జూడు మేస్త్రీ. నేను పోచయ్య పెండ్లాన్ని. ఈ చెంబుల నా మొగడు కల్లు తాగిండా? సాక చెంబుల ఎవడన్న నోరు పెడ్తడా? నువ్వు పెడ్తవా?"

"ఊకో చెల్లె. పిల్లలు జూస్తుండ్రు."

"జూడనీ. ఇన్నొద్దులు నువ్వే పిలిచి జూపిస్తివి కద."

పెంటయ్య నా భుజం పట్టుకున్నాడు. "అమ్మా, బస్ కర్. ఇంటికి పోదాం. లోటల తాగితే ఏంది, గ్లాసుల తాగితే ఏంది? బేవడా అంటే బేవడానే. పోలీసోళ్లు వాసన జూసే చెప్పిండ్రు."

"వాసన యాడికెల్లి వచ్చిందో ఈయన్ని అడుగు. చెంబుల బెల్లం నీళ్లు ఉండాలె. కల్లు ఎవరు పోసిండ్రో అడుగు."

శంకర్రావు కాలేజీ పిల్లలను బయటకు పంపాడు. తలుపు దగ్గరకు వేశాడు. వచ్చి ఆ మోటారు మడ్‌గార్డును ఆనుకుని నిలబడి, నా మొహం చూడకుండా పెంటయ్యతో అన్నాడు.

"మీ నాయిన తాగలే బిడ్డా."

నేను ఇన్నేళ్లూ ఆ మాట ఎవరో ఒకరు అంటారని చూశాను. అన్నాక నాకు సంతోషం రాలేదు.

"కల్లు సాక కోసం దెచ్చింది. తెప్పిచ్చింది నేనే. దారూబందీ ఉండె గద అప్పుడు. కల్లుతోని దొరికితే సీదా జైలు. చెంబుల పోసి వేపాకు కప్పినం. మీ నాయిన ఉరికొచ్చి మీద పడ్డడు, కల్లంత ఆయన బట్టలకైంది. పోలీసోళ్లు పీనుగను వాసన జూసిండ్రు. తాగిండా అని నన్ను అడిగిండ్రు. అవునంటి."

"ఎందుకంటివి?" అన్నాడు పెంటయ్య. వాడి గొంతు నేను గుర్తుపట్టలేదు.

"లేదంటే కల్లు ఎవరిదంటరు. సచ్చినోన్ని జైల్ల ఎయ్యరు కద బిడ్డా. బతికినోళ్లు బతకాలె అనుకున్న."

"ఆ మనిషి ఊకెనే మోటర్‌కు అడ్డం ఎందుకు ఉరుకుతడు?"

"బాట మీద ఆడపిల్ల ఉండె. సాక పోసుకుంట పోతుంది. ఎర్రగుడ్డ నా చేతుల ఉండె. ఇంజన్ గరమైతుందని పెద్ద సేఠ్ హారన్ మీద హారన్ కొడుతుండు. దించు, దించు అని అందరు ఒర్రుతుండ్రు. పిల్ల అవతలి అంచు దాటిందనుకోని దించిన. దాటలే. మీ నాయిన జూసిండు."

పెంటయ్య అతని ఖాకీ చొక్కా మెడ దగ్గర పట్టుకున్నాడు. ముసలాయన కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో. "ఈ మాట సేఠ్ ముంగట జెప్పు. హిందీల జెప్పు. గా బేవడా మాట హిందీల జెప్తివి కద!"

"చెప్తే నన్ను ఎల్లగొడ్తడు. వాళ్ల నాయిన ఆఖరి ఊపిరి నా ఒళ్లో పోయిందని నన్ను తండ్రి లెక్క జూస్తడు బిడ్డా. నేను దించిన గుడ్డకే ఆయన సచ్చిండని ఎట్ల జెప్పాలె?"

సరిగ్గా అప్పుడే చిన్న సేఠ్ లోపలికి వచ్చాడు. మంచి మనిషే పాపం. నలభై దాటినవాడు. ముసలమ్మ అరుస్తోందని విని, ఎండకు కళ్లు తిరిగాయేమోనని తన చేత్తోనే చాయ్ తెచ్చాడు. పెంటయ్య చెయ్యి వదిలేశాడు. శంకర్రావు చొక్కా సర్దుకుని, "మేరే గావ్ కీ హై, సేఠ్" అన్నాడు. మా ఊరి మనిషి అని. చాయ్ నా చేతిలో ఉంది. ఆ చెంబు నాది, ఇప్పించమని హిందీలో అడిగాను. సేఠ్ గాజు పెట్టె వైపు చూశాడు. మా నాన్నను చంపిన వస్తువు అమ్మా, ఎలా ఇస్తాను అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అతను ఏ అబద్ధం విని పెరిగాడో నా కొడుకూ అదే విని పెరిగాడు. నేను చాయ్ తాగకుండా కింద పెట్టాను.

తలుపు దగ్గర శంకర్రావును ఆపి అడిగాను. "ఆ పిల్ల ఎవరు?"

"నన్నడగకు చెల్లె. నీ ఇంట్ల అడుగు."

తిరిగొచ్చేటప్పుడు ఫాక్‌లాండ్ రోడ్డులో బండ్లు అడ్డంపడి టాక్సీ కదల్లేదు. పెంటయ్య స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకే చూస్తూ అడిగాడు.

"నాయిన ఎప్పుడన్న తాగుతుండెనా?"

ఆ మనిషి అనలేదు. నాయిన అన్నాడు. తాగలేదని తల అడ్డంగా ఊపితే అద్దంలో నన్ను చూశాడు. రేపు బియ్యం ఇచ్చేటప్పుడు ఆ పేరు వస్తుంది, వచ్చి తీరుతుంది అనుకున్నాను. మెట్లెక్కేటప్పుడు కూడా అదే అనుకుంటూ ఎక్కాను.

చంద్రమ్మ చెరిగిన బియ్యాన్ని పళ్లెంలో పోసి పైన గుడ్డ కప్పి కూర్చుంది. పెంటయ్య ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అత్తా. ఆనాడు బాట మీద సాక ఎవరు పోస్తుండ్రి?"

ఆమె వాడి మొహం చూడలేదు. నా మొహం చూసింది.

"శంకర్రావు ఇంక బతికే ఉన్నడా?" అంది.

నేను మంచం కోడు పట్టుకున్నాను. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంకర. ఆ రోజే విరిగింది. జనం తొక్కిసలాటలో పడ్డానంటే నమ్మాను. పోచయ్యను తగలబెట్టి వచ్చిన మర్నాడే ఆ చేతికి పట్టు వేయించి, నెలల తరబడి నూనె రాసింది నేనే.

"నీకు అమ్మవారు పోసె బిడ్డా" అని చెప్పింది పెంటయ్యకు. "కండ్లు మూస్కపోయినయి. పాలు తాగవైతివి. మీ అమ్మ ఏడ్వనీకి గూడ భయపడె. నేను పోచమ్మకు మొక్కిన. బెల్లం నీళ్లు కాదు తల్లీ, కల్లు సాక పోస్త, పిల్లగాన్ని ఇడిసిపెట్టు అన్న. ఇంట్ల నుంచి చెంబు నేనే దెచ్చిన. అన్నకు చెప్పలే, వద్దంటడని. సగం బాట దాటినంక మోటర్ చప్పుడు ఇనవడ్డది."

"ఇనవడ్డంక ఎందుకు ఉరకలే?"

"ఉరికితే ధార తెగుతది కద. తెగితే నీకేమైతదో అని కదల్లే. అన్న ఒర్రుతనే ఉన్నడు. నాకు ధారనే కనవడుతుంది. ఆయననే వచ్చి నన్ను నూకిండు."

బయటి గ్యాలరీలో ఎవరో బకెట్ ఈడ్చుకుంటూ వెళ్లారు.

"అంటే నాయిన నా కోసం సచ్చిండు" అన్నాడు పెంటయ్య.

"నీ కోసం కాదురా. నా కోసం. నేను నీ కోసం పోయిన."

"ముప్పై ఏండ్లు నేను ఉమ్మేసిన గదత్తా ఆ పేరు మీద. నువ్వు జూసుకుంట నాకు బువ్వ పెడితివి!"

చంద్రమ్మ ఆ వంకర చేత్తో వాడిని అందుకోబోయింది. వాడు లేచిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు వినగానే నేను గ్యాలరీలోకి పరుగెత్తి రెయిలింగ్ మీదికి వంగాను. కింద టాక్సీ తలుపు తెరుస్తున్నాడు.

"పెంటయ్యా! యాడికిరా?"

తల ఎత్తి చూశాడు. అచ్చం పోచయ్య మొహం.

"గుడ్డ దించింది ఏ చెయ్యో అడిగొస్త" అన్నాడు.

టాక్సీ స్టాండు వైపు తిరగలేదు. వర్లి దారి పట్టింది. నా వెనక చంద్రమ్మ, "వదినా, ఆపు, వాన్ని ఆపు" అంటోంది. ఎలా ఆపేది? ఆ గోదాములో ఇప్పుడు ముసలాయన ఒక్కడే ఉంటాడు. పొద్దున్నే బియ్యం తీసుకునే అయ్య గడపలోకి వస్తాడు. పళ్లెం సిద్ధంగా ఉంది. తండ్రి పేరు పలకాల్సిన నోరు ఆ వేళకు ఇంట్లో ఉంటుందో, పోలీసు ఠాణాలో ఉంటుందో నాకు తెలియలేదు.

ఇంతవరకు విన్నారు కదా తల్లీ, మిగతాది వచ్చే వారం. అప్పటిదాకా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. పోచయ్య తాగి చావలేదు. చెల్లెలిని తప్పించబోయి చచ్చిపోయాడు. ఇది మీ నోటితో ఇంకొకరికి చెప్పండి. వాళ్లు అడక్కపోయినా చెప్పండి.